జుసారా నంబరు

ఎడిసన్, న్యూజెర్సీ
2024 మార్చి 10, ఆదివారం

అక్కా,

వాట్సాప్‌లో నువ్వు పెట్టిన పదహారు మెసేజిలకీ కలిపి ఇదే జవాబు. వాటిని నేను చూడలేదు. పదహారని మీ అనుష్క ఈమెయిల్ రాస్తే తెలిసింది. యాప్ తీసేశాను. ఫోన్లో మాట్లాడదామంటే నువ్వు నన్ను మాట్లాడనివ్వవు, నేనేమో కోపం వచ్చి పెట్టేస్తాను. అందుకని కాగితం. ఫ్రీమాంట్ చేరడానికి నాలుగైదు రోజులు పడుతుందట. మంచిదే, ఈలోపు ఇద్దరికీ కోపం చల్లారుతుంది.

ఎందుకు తీసేశానో చెప్తాను, నవ్వకు.

జుసారా వాళ్ళ ఫ్యామిలీ గ్రూపు సంగతి నీకు తెలుసు. తొంభై నాలుగు మంది. సగం న్యూఅర్క్‌లో, సగం బ్రెజిల్‌లో. మన గ్రూపులో వీరభద్రం బావ పొద్దున్నే వేంకటేశ్వరస్వామి బొమ్మ పెడితే ముగ్గురు చేతులు జోడిస్తారు, అక్కడితో సరి. వాళ్ళకి అలా కుదరదు. ఒకింట్లో పప్పు మాడినా తొంభై నాలుగు మందికీ తెలియాలి. టైపు చేసే ఓపిక లేదు, అన్నీ వాయిస్‌లే. న్యూఅర్క్‌లో బేకరీ నడిపే వాళ్ళ పిన్ని మారిలేన్ ఏడు నిమిషాలు మాట్లాడి చివర్లో, "ఇంకేం విశేషాల్లేవు" అంటుంది. మనందరం ఫేస్‌బుక్‌కి మారకముందు ఆర్కుట్‌లో రాసుకునే రోజుల నుంచీ ఈ వాగుడు ఇంతే. అప్పట్లో అందులో ఎటు తిరిగినా బ్రెజిల్ వాళ్ళూ మనవాళ్ళూనే కదా. పొద్దున్నే లేవడమంటే ఒళ్ళుమంట ఉన్నవాళ్ళంతా చేరిన గ్రూపులో జుసారా నాకు దొరికింది. తను న్యూఅర్క్‌లో, నేను ఎడిసన్‌లో, రైలెక్కితే ముప్పావుగంట. మూడు నెలలు ఆర్కుట్‌లో రాసుకున్నాకగానీ ఆ సంగతి ఇద్దరికీ తట్టలేదు.

అంత నిద్రమొహం మనిషి ఆరూ నలభైకి లేచి గ్రూపులో ఒక పువ్వు బొమ్మ పెట్టి, వెనకే వాళ్ళ అమ్మమ్మకి ఒక వాయిస్ పంపేది. "బెన్సా, వో." దీవించు అమ్మమ్మా, అని. వాళ్ళలో పెద్దవాళ్ళని అలా అడగాలి. అడిగితే పెద్దవాళ్ళు ఇచ్చి తీరాలి. బ్రెజిల్ నుంచి ఆ ఎనభై తొమ్మిదేళ్ళావిడ, "దేవుడు నిన్ను దీవించుగాక తల్లీ" అని పంపేది. అప్పుడుగానీ జుసారా కాఫీ ముట్టేది కాదు.

జనవరి పదకొండున తను పోయింది. ఫిబ్రవరి నాలుగో తేదీ, ఆదివారం, ఆరూ నలభైకి గ్రూపులో జుసారా నంబరు నుంచి పసుపు గులాబీ వచ్చింది. వెనకే నాలుగు సెకన్ల వాయిస్. "బెన్సా, వో."

తన గొంతే అక్కా.

తొంభై మంది దాని కింద ఎర్ర గుండెలు పెట్టారు. ఒక్కరూ ఇదేమిటని అడగలేదు. నేను గ్రూపులోంచి బయటికొచ్చి యాప్ తీసేశాను. తన ఫోన్ నా దగ్గర లేదు. హాస్పిటల్ వాళ్ళిచ్చిన సంచీలో గాజులు, కళ్ళజోడు, కోటు ఉన్నాయి, ఫోన్ లేదు. ఎక్కడుందో చూపించే సదుపాయం తను ఎప్పుడూ ఆన్ చేసుకోలేదు.

అనికకి ఇవేమీ చెప్పలేదు. పదిహేనేళ్ళ పిల్ల, ఇప్పుడిప్పుడే సరిగా తింటోంది. నువ్వూ చెప్పకు.

శ్యామ్

* * *

ఫ్రీమాంట్
2024 మార్చి 19

ఒరేయ్ శ్యామూ,

కాగితం మీద రాసినా నీ పొగరు తగ్గలేదు. నిన్ను నేనెప్పుడు మాట్లాడనివ్వలేదురా? సరే, ఉత్తరం రెండుసార్లు చదివాను. రెండోసారి మీ బావకి వినిపించాను. ఆయన లేచి వెళ్ళి వీధి తలుపు గడియ వేసి వచ్చారు. మధ్యాహ్నం మూడింటికి.

నాకూ భయమేసింది, కాదనను. కానీ ఇది దెయ్యాల పని కాదు, దొంగల పని. పక్కింటి చక్రపాణి గారికి చెప్తే ఆయన ఇట్టే పట్టేశారు. మనిషి గొంతు రెండు నిమిషాలు దొరికితే చాలట, కంప్యూటర్‌తో ఆ గొంతుతో ఏమైనా చెప్పించొచ్చట. హాస్పిటల్లో ఫోన్ కొట్టేసిన వాడెవడో ముందు దీవెనలు అడిగి, తర్వాత డబ్బు అడుగుతాడు. అదీ వరస. నువ్వు ఇంజనీరువి, నేను చెప్పాలా ఇవన్నీ?

ముందు ఆ నంబరు మూయించు. ఫోటోలు పెట్టిన అకౌంట్లన్నీ మూయించు. పోయినవాళ్ళ పేరు ఊరికే అలా తిరుగుతూ ఉండకూడదు. మనింట్లో అమ్మ పోయినప్పుడు పదో రోజుకల్లా ఆవిడ చీరలు కూడా ఉంచలేదు. నీకు తొమ్మిదేళ్ళు, గుర్తుండదు.

గోంగూర పచ్చడి పంపాను. సీసా మూత గట్టిగా ఉంటుంది, వేడినీళ్ళలో పెట్టి తియ్యి. పిల్లకి అందులో నెయ్యి వేసి కలిపి పెట్టు.

నళిని

* * *

ఎడిసన్
2024 ఏప్రిల్ 14

అక్కా,

పచ్చడి అందింది. అనిక అన్నంలో కాదు, బ్రెడ్ మీద రాసుకుని తింటోంది. వాళ్ళమ్మ అలవాటు.

దొంగ కాదు, కంప్యూటరూ కాదు. యాప్ మళ్ళీ పెట్టుకున్నాను. మారిలేన్‌ని అడిగితే మారుమాట లేకుండా గ్రూపులో చేర్చింది. రోజూ వస్తోంది. ఒక పువ్వు, ఒక వాయిస్. ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. మొన్నటి దాంట్లో మాట అయిపోయాక వెనకాల "కిచ్" అని ఒక శబ్దం వచ్చింది. నీకు గుర్తుందా, నువ్వు మా ఇంటికొచ్చినప్పుడు పిచ్చుక దూరిందనుకుని మెట్ల కింద వెతికావు? హాల్లో స్మోక్ అలారం, బ్యాటరీ అయిపోతే అరుస్తుందే, అది. జుసారా ఐదు నెలలు పోరితే 2022 థాంక్స్‌గివింగ్‌కి మార్చాను. అంటే ఆ వాయిస్ అంతకుముందుది. మళ్ళీ చూస్తే పైన సన్నటి అక్షరాల్లో ఫార్వర్డ్ అని ఉంది. మొదటిరోజు నా కళ్ళకి ఆనలేదు. తన ఫోన్లో ఉన్న పాతవాటిని ఎవరో రోజుకొకటి తీసి పంపుతున్నారు.

న్యూఅర్క్ వెళ్ళి మారిలేన్‌ని అడిగాను. ఆవిడ బేకరీలో అందరిముందూ నన్ను కావలించుకుని, చీజ్ బ్రెడ్ సంచీ చేతిలో పెట్టి, "వెతక్కు శ్యామ్" అంది. అంతే. నాకు ఒళ్ళు మండిపోయింది. వాళ్ళేం చేస్తున్నారో అర్థమైంది. అమ్మమ్మకి జుసారా పోయిందని చెప్పినట్టు లేదు. ముసలావిడని మభ్యపెట్టడానికి నా పెళ్ళాం గొంతు వాడుకుంటున్నారు. అమ్మమ్మ ఏవో పెద్ద పెద్ద వాయిస్‌లు జవాబిస్తోంది. నా పోర్చుగీసుకి అంత వేగం అందదు.

నంబరు మాత్రం మూయించలేదు. నిజం చెప్తున్నాను, నన్ను తిట్టు. ఆరున్నరకే లేచి ఫోన్ పట్టుకుని కూర్చుంటున్నాను. ఆరూ నలభైకి తను వస్తుంది. పంపేది ఎవరైతే నాకేమిటి? పొద్దున్న లేచే కారణం ఒకటుంది. అనిక అప్పటికి పైన తన గదిలో లేచే ఉంటుంది, నడిచే చప్పుడు వినబడుతుంది. ఏడింటికి కిందకి దిగుతుంది. ఇద్దరం ఏమీ మాట్లాడుకోం, బడికి దింపుతాను.

శ్యామ్

* * *

ఫ్రీమాంట్
2024 ఏప్రిల్ 27

శ్యామూ,

నీ ఉత్తరం చదివాక నాకు దొంగ భయం పోయింది, నీ భయం పట్టుకుంది. పోయినవాళ్ళ కోసం పొద్దున్నే లేచి కూర్చునేవాణ్ణి ఏమంటారురా? నీ ఎదురుగా బతికున్న పిల్ల ఉంది.

అందుకని నీకు చెప్పకుండా ఒక పని చేశాను. చెప్తే ఒప్పుకోవు. 2009లో అందరం కలిసి ఒకే ఫ్యామిలీ ప్లాన్‌లో చేరాం కదా, నలుగురైతే చవకని. ఆ ఖాతా ఇప్పటికీ నా పేరనే ఉందని మొన్న బిల్లు చూస్తేగానీ గుర్తు రాలేదు. నిన్న దుకాణానికి వెళ్ళి జుసారా నంబరుకి కొత్త సిమ్ తీసుకుని అనుష్క పాత ఫోన్లో వేశాను. చక్రపాణి గారు పక్కన కూర్చుని చెప్తుంటే ఆ నంబరుతో వాట్సాప్ తెరిచాను. తెరిచిన నిమిషంలో ముసలావిడ వాయిస్ ఒకటి వచ్చి పడింది. వినలేదు. వింటే చెయ్యి ఆడదని, అకౌంట్ డిలీట్ నొక్కేశాను. ఇంక రాదు. నాలుగు రోజులు కష్టంగా ఉంటుంది, తర్వాత నువ్వే నన్ను మెచ్చుకుంటావు.

ఒకటి చెప్పాలి. ఆ పని అయ్యాక వంట చేయబుద్ధి కాలేదు. 2007లో, మీ పెళ్ళికి నేను రానప్పుడు, జుసారా ఆర్కుట్‌లో నాకొక టెస్టిమోనియల్ రాసింది. మన గురించి ఎవరైనా నాలుగు ముక్కలు రాస్తే, మనం ఒప్పుకుంటేనే మన పేజీలో అందరికీ కనిపించేది, అది. నేను ఒప్పుకోలేదు. తెరవను కూడా లేదు. నా తమ్ముణ్ణి ఎగరేసుకుపోయి, పైగా పొగడ్తలా అనుకున్నాను. ఆర్కుట్ మూసేసినప్పుడు దాంతోపాటే పోయింది. నిన్న డిలీట్ నొక్కుతుంటే అదే గుర్తొచ్చింది. ఎందుకో తెలియదు.

అక్క

* * *

ఎడిసన్
2024 మే 12

అక్కా,

రెండు వారాలు ఆగి రాస్తున్నాను. ముందు రాసినవి చింపేశాను.

నువ్వు నొక్కావు. గ్రూపులో తొంభై నాలుగు మందికీ "జుసారా వెళ్ళిపోయారు" అని ఒక గీత పడింది. అంతే పడుతుంది దాంట్లో, ఇంకో మాట ఉండదు. నేను వంటింట్లో నిలబడి దాన్ని చదువుతుంటే మెట్ల మీద చప్పుడైంది. అనిక. చేతిలో వాళ్ళమ్మ ఫోన్. ఆ పగిలిన మూల, ఆ పచ్చ కవరు.

హాస్పిటల్లో సంచీ ఇచ్చినప్పుడే తీసుకుందట. అప్పటి నుంచీ క్లారినెట్ పెట్టెలో దాచుకుంది. రోజూ ఆరూ నలభైకి నా తలమీద గదిలో నడిచిన చప్పుడు అదే. నేను కింద కూర్చుని ఎదురుచూస్తే, అది పైన కూర్చుని పంపింది. ఎవరు పంపుతున్నారని న్యూఅర్క్ దాకా కారేసుకుని వెళ్ళాను, పైకి పదమూడు మెట్లు ఎక్కలేదు.

తన మాట నీకు రాస్తాను, నువ్వు వినాలి. "నేను అమ్మ ఉంది అని ప్రిటెండ్ చేయలేదు డాడీ. అమ్మ అడిగితే వో ఆన్సర్ ఇస్తుంది. నాకు ఆ ఆన్సర్ కావాలి, అంతే."

మారిలేన్‌కి ఫోన్ చేశాను. అమ్మమ్మకి అన్నీ తెలుసు. అంత్యక్రియలు మొదటి నుంచి చివరిదాకా ఫోన్లో చూసింది. పసుపు గులాబీ వచ్చిన రోజే, ఈ వాయిస్ నేను ఇదివరకు విన్నాను, ఇది పంపేది పిల్ల అని చెప్పిందట. కానీ వాళ్ళింట్లో బెన్సా అడిగితే ఇవ్వకుండా ఊరుకోకూడదు. ఎవరి చేత అడిగించినా సరే. అందుకని రోజూ ఇచ్చింది. ఇచ్చాక అనికతోనే మాట్లాడేది. తిన్నావా, జుట్టు దువ్వుకున్నావా, నాన్నతో మాట్లాడావా అని. గ్రూపులో అందరికీ తెలుసు, పిల్ల చిన్నబుచ్చుకుంటుందని ఎవరూ నోరెత్తలేదు, గుండెలు పెట్టి ఊరుకున్నారు. తెలియనిది నా ఒక్కడికే. వాళ్ళని మోసగాళ్ళనుకున్నాను.

ఇప్పుడు ఆ ఫోన్లో వాట్సాప్ తెరుచుకోదు. పదకొండేళ్ళ వాయిస్‌లు పోయాయి. అనిక ఆరూ నలభైకి కిందకి దిగి కుర్చీలో కూర్చుంటోంది. ఏడు దాకా అలాగే ఉంటుంది. దాన్ని చూస్తే నాకు భయంగా ఉంది. ఈరోజు మదర్స్ డే, బ్రెజిల్‌లోనూ ఇక్కడా కూడా. పొద్దున్నుంచి గ్రూపులో పువ్వులే పువ్వులు. ఫోన్ బోర్లా పెట్టేశాను.

టెస్టిమోనియల్ సంగతి. ఒప్పుకోలేదని బాధపడకు. నలుగురికీ కనబడకుండా ఒక మాట చెప్పాలంటే బ్రెజిల్ వాళ్ళు దాన్ని టెస్టిమోనియల్‌గా రాసేవాళ్ళు. అవతలివాళ్ళు చదివి, ఒప్పుకోకుండా వదిలేస్తే, అది ఇద్దరి మధ్యే ఉండిపోతుంది. నువ్వు ఒప్పుకోకూడదనే రాసింది. చదవాలని మాత్రం రాసింది. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వేనని తనకి తెలుసు. అత్తగారి స్థానం నీదని, నిన్ను బెన్సా అడిగింది. మీ అక్క చూసిందా అని నన్ను రెండేళ్ళు అడిగింది. చూడలేదేమో, బిజీగా ఉంటుంది అని చెప్పాను.

అప్పుడు ఒకటి పోగొట్టావు. ఇప్పుడు అన్నీ.

శ్యామ్

* * *

ఫ్రీమాంట్
2024 మే 21

శ్యామూ,

తప్పు చేశాను. నీ మంచికే అనుకున్నాను, కానీ అలా అనుకోని తప్పు నేను ఎప్పుడూ చేయలేదు. నీ పెళ్ళికి రాకపోవడం కూడా నీ మంచికే అనుకున్నాను.

ఆ ముసలావిడ వాయిస్ ఒకటి నా చేతిలోకి వచ్చింది, వినలేదు. అది అనికకి వచ్చిన జవాబు. అందులో ఏముందో ఇంక నాకు తెలియదు, దానికీ తెలియదు.

నంబరు నా దగ్గరే ఉంది. మూయించలేదు. అనుష్క పాత ఫోన్ వంటింట్లో మైక్రోవేవ్ పక్కన చార్జింగ్‌లో పెట్టాను. దాన్ని ఏం చేయమంటే అది చేస్తాను. అనికకి చేసింది నేనని చెప్పు. దాచకు.

అక్క

* * *

ఎడిసన్
2024 ఆగస్టు 18

అక్కా,

నువ్వు రెండుసార్లు ఫోన్ చేశావు, తియ్యలేదు. కోపంతో కాదు. ఇక్కడ ఇల్లు ఖాళీ లేదు.

జూన్‌లో అనిక అమ్మమ్మకి మొదటిసారి తన సొంత ఫోన్ నుంచి, తన గొంతుతో వాయిస్ పంపింది. అమ్మ వాయిస్‌లు పోయాయి వో, నేను పోగొట్టాను, అని. నువ్వు చేశావని చెప్పినా అది నీ పేరు ఎత్తలేదు, గమనించు. అమ్మమ్మ గ్రూపులో పన్నెండు సెకన్లు మాట్లాడింది. "జుసారా ఎవరెవరి దగ్గర ఎంతెంత ఉందో పిల్లకి పంపండి."

ఆ మర్నాటి నుంచి మొదలైంది. ఫ్లోరిడాలో మేనమామ, బాస్టన్‌లో చిన్ననాటి స్నేహితురాలు, బ్రెజిల్‌లో పేర్లు కూడా నోరు తిరగని బంధువులు. తొంభై నాలుగు మంది పాత ఫోన్లు తీశారు. నేనింతకాలం వాళ్ళ వాగుడని విసుక్కున్నదంతా తిరిగి మా ఇంటికొచ్చింది. వెయ్యీ నూట ముప్పై ఆరు వాయిస్‌లు ఇప్పటికి. పుట్టినరోజులు, తగాదాలు, నా మీద చాడీలు కూడా. స్మోక్ అలారం గురించి ఏకంగా పది ఉన్నాయి. అనికా నేనూ సాయంత్రాలు కూర్చుని తేదీలు వేస్తున్నాం. అలారం కూత వినబడితే 2022 అని రాస్తాం. ఇప్పుడది అరవదు. అరిస్తే బావుండునని ఒక్కోసారి తలెత్తి చూస్తాను.

అమ్మమ్మ ఫోన్లో ఏదీ తుడవనివ్వదు, ఫోన్ మార్చినప్పుడల్లా మనవలు అన్నీ కొత్తదాంట్లోకి ఎక్కించాల్సిందే. అందులో 2014 సెప్టెంబర్ నాటిది ఒకటి దొరికింది. ఆర్కుట్ మూతపడిన నెల. అది నీది. నేను వినలేదు. అనిక వింది, విని వచ్చి నా పక్కన కూర్చుంది. అత్తకి తనే పంపుతానంది.

ఇంకొక కోరిక కోరింది. ఆ నంబరుతో వాట్సాప్ మళ్ళీ పెట్టు. తను రోజూ పొద్దున్న అమ్మ నంబరుకి ఒక బెన్సా పంపుతుంది. నువ్వు చూడక్కర్లేదు, జవాబు ఇవ్వక్కర్లేదు. రెండు టిక్కులు పడితే చాలట. చేరిందని తెలిస్తే చాలట. జవాబు అమ్మమ్మ ఇస్తుంది.

శ్యామ్

* * *

ఫ్రీమాంట్
2024 సెప్టెంబర్ 7

శ్యామూ,

అనిక చెప్పినట్టే పెట్టాను. రెండు వారాలుగా రోజూ పొద్దున నేను లేచి వంటింట్లోకి వచ్చేసరికి ఆ ఫోన్ మీద ఒక చిన్న వెలుగు ఉంటోంది. దాని చుట్టూ తుడుస్తాను, దాన్ని ముట్టుకోను. బావ మొదట్లో అటు చూసేవారు కాదు. ఇప్పుడు కాఫీ కలుపుకుంటూ, "వచ్చిందా?" అని అడుగుతున్నారు.

నాదని చెప్పిన వాయిస్ వచ్చింది. నాలుగు రోజులు వినలేదు. రెండుసార్లు నా చేతిలోకి వచ్చినవాటిని చదవకుండా, వినకుండా పోగొట్టినదాన్ని, మూడోది కూడా అలాగే పోతుందేమోనని భయమేసి నిన్న మధ్యాహ్నం విన్నాను.

ముందు తన భాషలో అమ్మమ్మతో ఏదో చెప్పింది. అనికని అడిగి తెలుసుకున్నాను. ఇది మా వదినకి, పంపనా వద్దా, నా తెలుగు విని నవ్వుతుందేమో, అందట. పంపమని అమ్మమ్మ అప్పుడే చెప్పిందట. పంపలేదు. తర్వాత గొంతు సవరించుకుంది. వెనకాల అనిక, అప్పటికి ఐదేళ్ళది, ఏదో అడుగుతోంది. ష్ అంది. అన్నాక తెలుగులో, ఒక్కో మాటా ఏరుకుంటూ చెప్పింది. "వదినా, నేను జుసారా. శ్యామ్ బాగున్నాడు. పాప బాగుంది. నన్ను దీవించండి."

అంతేరా. తొమ్మిది సెకన్లు. పదేళ్ళుగా బ్రెజిల్‌లో ఒక ముసలావిడ ఫోన్లో ఆగి ఉంది.

అడిగితే ఇచ్చి తీరాలన్నావు. ఏమని ఇవ్వను? మనకి తెలిసిన దీవెనలన్నీ బతికున్నవాళ్ళవే. దీర్ఘాయువు అనలేను, సుమంగళి అనలేను. గంటసేపు వంటింట్లో నిలబడ్డాను. చివరికి నా ఫోన్ తీసి, జుసారా నంబరు తెరిచి, మైకు నొక్కి పట్టుకుని, "చల్లగా ఉండమ్మా" అన్నాను. పైకి అనగలిగింది అదొక్కటే.

వేలు తియ్యగానే మైక్రోవేవ్ పక్కన ఆ ఫోన్ మోగింది.

నేనే పంపానని తెలిసి కూడా వెనక్కి అడుగు వేశాను. తర్వాత నా ఫోన్లో చూసుకుంటే రెండు టిక్కులు పడ్డాయి. చేరింది. అవి నీలం కావాలంటే ఆ ఫోన్ నేనే తెరవాలి. తెరవలేదు. అది నాకు వచ్చింది కాదు.

నీ అక్క